పల్లకి కింద నా చోటు

ఈ సంగతి రాసిపెట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మా వీధిలో దీన్ని ఇప్పటికే తప్పుగా చెప్పుకుంటున్నారు. మా భజన మందిరం పల్లకికి ముందువరసలో మా నాన్న మోసిన చోటు, ఆయన తర్వాత నేను మోసిన చోటు, ఈమధ్యే పెళ్ళి చేసుకుని మా వీధికొచ్చిన ఒక కుర్రాడు లాక్కున్నాడని పాలబూత్ దగ్గర చెప్పుకుంటున్నారు. నన్ను చూసి "పాపం" అని కూడా అంటున్నారు. అది నిజం కాదు.

రెండో కారణం, పల్లకి మోసేవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. నేను వెతికాను. మా శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు వెనకగదిలో, కిటికీ పక్క బీరువాలో ఉంటాయి. ఆ బీరువాలో నేను చదవనివి తక్కువ. పల్లకిలో కూర్చున్న రాజుల గురించి ఉంది, రాణుల గురించి ఉంది, పల్లకికి వాడే చెక్క గురించి కూడా ఒకచోట ఒక పేరా ఉంది. కింద నడిచిన కాళ్ళ గురించి లేదు. భుజం గురించి అసలే లేదు.

నేను బడి మానేసింది ఎనిమిదో తరగతిలో. అప్పట్నుంచి సౌకార్‌పేటలో ఒక స్టీలు గిన్నెల హోల్‌సేల్ కొట్లో కట్టలు కట్టే పని. ఇప్పటికీ సగంరోజు పోతున్నాను. మిగతా చదువంతా లైబ్రరీలో నేనే చదువుకున్నాను, అందుకు నాకు సిగ్గు లేదు, గర్వమే. కట్టలు కట్టేవాడికి ఒక అలవాటు పడుతుంది. కట్టలో పైకి కనిపించే గిన్నె ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. సొట్టపడింది లోపల ఉంటుంది. అందుకని ఏ కట్ట వచ్చినా విప్పి చూడందే నేను సంతకం పెట్టను. మనుషుల విషయంలోనూ అంతే.

మాది వ్యాసర్పాడిలో రైలుపట్టాల పక్క వీధి. తాతల కాలంలో యార్డులో పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు కట్టుకున్న మందిరం మాది. అందులో రాములవారు. నెలనెలా పునర్వసు నాడు ఒకసారి, శ్రీరామనవమికి వరసగా కొన్ని రోజులు, స్వామి పల్లకి మీద వీధులు తిరుగుతాడు. పల్లకికి రెండు పొడుగాటి మోతకర్రలు. ముందు నలుగురు, వెనక నలుగురు. ఎవరి చోటు వాళ్ళకు తండ్రి నుంచి వచ్చిందే. నాది కుడికర్రకు మొదటి చోటు. నా వెనకే, అదే కర్రకింద, మా బావ. మేనత్త కొడుకు, మంచి పొడగరి, ప్లంబింగు పని. వెనకవరస నలుగురూ పొట్టివాళ్ళు. అందువల్ల మా పల్లకి ఎప్పుడూ కాస్త వెనక్కి వాలి ఉంటుంది. జారగిలబడి కూర్చున్నట్టు స్వామి ఊరేగుతాడు. మా వీధివాళ్ళకు అదే అందం.

మొదటి చోటువాడు మోయడమే కాదు, దారి చెప్పాలి. గుంత ఉంటే అరవాలి, కేబుల్ వైరు వేలాడుతుంటే అరవాలి, మలుపు దగ్గర వెనకవాళ్ళ అడుగు తగ్గించాలి. మా నాన్న గొంతు వీధి చివరిదాకా వినిపించేది. నాకూ ఆ గొంతే వచ్చిందని అంటారు.

రెండేళ్ళ క్రితం పక్కవీధి గుడివాళ్ళు పల్లకి మాని రబ్బరు చక్రాల బండి తెచ్చారు. దానికి లైట్లు, జనరేటరు. ఒక్కడు తోస్తే చాలు. దాన్ని చూసినప్పట్నుంచి మా మందిరం పెద్దాయన చూపులో తేడా వచ్చింది. మేం పల్లకి దించి ఆయాసపడుతుంటే మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసేవాడు. సంతలో ఎద్దుల పళ్ళు చూసేవాడి చూపు అది.

ఆ చూపులు అలా ఉండగానే, ఈ ఏడు ఆయన మనవరాలికి పెళ్ళయింది. అల్లుడు కొరుక్కుపేట కుర్రాడు, ఒక గోడౌను పైన జిమ్ము నడుపుతాడు. ఇంట్లో తెలుగే, బయట తమిళం, ఫోన్లో ఇంగ్లీషు. చొక్కా చేతులు దండల దగ్గర పిగిలిపోయేటట్టు ఉంటాయి. వచ్చిన నెలకే, భజన అయ్యాక అందరం ప్రసాదం తింటుంటే లేచి నిలబడ్డాడు.

"మామా, వచ్చే పునర్వసు అయినాక మందిరం మిద్దెమీద మీ అందరికీ ట్రైనింగ్. పొద్దున్నే. ఫ్రీ."

"దేనికప్పా ట్రైనింగు?" అన్నాడు బావ. "మోసేదానికా? నిక్కరు ఏసుకున్నప్పట్నుంచి మోస్తానే ఉండాం."

"మోస్తాండారు మామా, తప్పుగా మోస్తాండారు. అందరికీ నడుం పోతాది."

"ఫ్రీ అంటే?" అన్నాను నేను.

"ఫ్రీ అంటే ఫ్రీనే."

"ఎందుకు?"

"సుమ్మా" అన్నాడు నవ్వుతూ.

సుమ్మా అంటే తమిళంలో ఊరికే అని. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, ఇక్కడ ఎవరూ దేన్నీ సుమ్మా చేయగా నేను చూడలేదు.

మరుసటి పునర్వసు నాడు అతను జేబులోంచి టేపు తీశాడు. టైలర్లు వాడే మెత్తటి టేపు. మేం ఎనిమిదిమందీ పల్లకి ఎత్తి నిలబడ్డాక, నేల నుంచి కర్ర దాకా కొలిచాడు. తర్వాత ఒక్కొక్కరి భుజం ఎత్తు కొలిచాడు. నా దగ్గరికొచ్చి రెండుసార్లు కొలిచాడు. బావ వైపు చూశాడు. బావ పైకి, కరెంటు వైర్ల వైపు చూశాడు.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. పెద్దాయనకు బండి కావాలి. వీధివాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి ముందు మాకు చేతకాదని తేల్చాలి. అందుకు మనిషిని దించాడు. ట్రైనింగు పేరుతో మమ్మల్ని మిద్దెమీద ఎగిరించి, పడిపోయినవాణ్ణి పడిపోయినట్టే వరస నుంచి తీసేస్తారు. అందరికన్నా ముందు నన్ను. లేకపోతే నా ఒక్కడికే టేపు రెండుసార్లు ఎందుకు?

నా చోటు పోతే నాకేం పోతుందో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. సౌకార్‌పేటలో నేను కట్టలు కట్టేవాణ్ణి. ఇంట్లో పుస్తకాల పిచ్చివాణ్ణి. ఆ కుడికర్ర కింద నిలబడ్డప్పుడే నేను మా నాన్న కొడుకుని.

మిద్దె ఎక్కడం మానేస్తే ఏం జరుగుతోందో తెలియదు. అందుకని ఎక్కాను. వేగు చూడటానికే ఎక్కానని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను, ఆరోగ్యం కోసం కాదు.

మొదటిరోజు బస్కీలు. అతను స్క్వాట్స్ అన్నాడు. మా తాతలు సాముశాలలో తీసినవే ఇవి అని చెప్పాను. "అదే మామా, పాత మాలు, కొత్త ప్యాకింగు" అన్నాడు. ప్యాకింగు మాట నాకు గుచ్చుకుంది. నా పని సంగతి ఎవరు చెప్పారు ఇతనికి? తర్వాత మోచేతులమీద బోర్లా పడుకుని చెక్కలా బిగుసుకుని ఉండమన్నాడు. చూడటానికి ఏమీ లేదు. కాసేపటికి ఒళ్ళంతా వణుకు.

"ఇంతేనా, శవంలాగా పడుకునేదే గదా అనుకున్నా" అన్నాడు బావ, పళ్ళు బిగించి.

"శవానికి ఇంత కష్టం ఉండదు మామా" అన్నాడు అల్లుడు.

నేను ఊరుకోలేదు. లైబ్రరీ నుంచి శరీరశాస్త్రం పుస్తకం తెచ్చుకుని అతను చెప్పింది రోజూ సరిచూశాను. ఒకరోజు దొరికాడు. రెక్క ఎముక కింద వేలుపెట్టి ఒక కండరం పేరు చెప్పాడు. అది ఆ కండరం కాదు, దాని పైది. చెప్పాను. అందరూ నావైపు తిరిగారు.

"పేరు ఏదైనా నొప్పి ఆడనే గదా మామా" అన్నాడు.

నవ్వారందరూ. నేనూ నవ్వాను కానీ, పేరే తెలియనివాడు ఏం నేర్పుతాడని లోపల గుర్తుపెట్టుకున్నాను. ఇంకొకటి కూడా గమనించాను. మిగతావాళ్ళకు రకరకాలు చెప్పేవాడు. నా దగ్గరికొస్తే మాత్రం ఎప్పుడూ వీపే. గోడకు ఆనించి నిలబెట్టి తల వెనక్కి ఆనించమనేవాడు. నా తల గోడకు ఆనేది కాదు. "రేపు చూద్దాం" అనేవాడు. మర్నాడు మళ్ళీ అదే.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు కొట్టు నుంచి వస్తూ రైల్వే మెట్ల వంతెన ఎక్కాను. ఎప్పుడూ నడుమ ఆగి, కమ్మి పట్టుకుని, కింద యార్డును చూస్తున్నట్టు నటించేవాణ్ణి. ఆరోజు ఆగకుండా పైకి వచ్చేశాను. వచ్చాక వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా తోశారేమోనని. ఎవరూ లేరు. ఇంకోసారి దిగి ఎక్కాను. మళ్ళీ అంతే. పైన నిలబడితే గాలి కొత్తగా తగిలింది, ఏదో పాట నోట్లోకి వచ్చింది. నేను పాడే మనిషిని కాను.

నాకు ఇదీ నచ్చలేదు. కారణం తెలియని సంతోషం కారణం తెలియని నొప్పిలాంటిదే, విప్పి చూడాలి. ఇంటికి వెళ్ళి మా ఆవిడ ఇచ్చిన రాగి అంబలి వాసన చూశాను.

"ఏం కలిపినావు దీంట్లో?"

"ఉప్పు."

"ఉప్పు కాకండా?"

"మొగుడిమీద ప్రేమ కలుపుదామనుకున్నా. డబ్బా చూస్తే అయిపోయుండాది" అంది.

లైబ్రరీలో చూశాను. ఒళ్ళు కదిలితే మనసు తేలికవుతుందని రాసి ఉంది. ఎందుకవుతుందో సరిగా రాయలేదు. పుస్తకం మూసి, వేరేది తీసుకోవడానికి వంగాను. గ్రంథాలయం అమ్మగారు తమిళంలో అన్నారు, "ఇంతకుముందు కింది అరలో పుస్తకం కావాలంటే నన్ను తీసిమ్మనేవారు కదా, ఇప్పుడు మీరే తీసుకుంటున్నారే." ఆవిడ కూడా నన్ను గమనిస్తోందన్నమాట.

మిద్దెమీద అనుమానానికి కావలసినంత సరుకు దొరుకుతూనే ఉంది. నేను మెట్లెక్కే చప్పుడు వినగానే మాటలు ఆగిపోయేవి. అల్లుడు ఫోనుతో మా నడక వీడియో తీసేవాడు, అదీ పక్కనుంచి, నా వైపు నుంచి. తీశాక బావకు చూపించేవాడు. నేను వెళ్తే ఫోను జేబులోకి పోయేది. ఒకసారి అడిగాను.

"ఏందది, నాకూ చూపీ."

"ఏం లేదు మామా, నీ ఫేసు సరిగా రాలా" అన్నాడు.

ఫేసు కోసమైతే పక్కనుంచి తీస్తారా?

నవమి దగ్గరపడింది. ఇదే రోజుల్లో మైలాపూరులో కూడా ఉత్సవాలు. అక్కడి మోతగాళ్ళు ఎలా అడుగు వేస్తారో చూపిస్తానని అల్లుడు మమ్మల్నందర్నీ తీసుకెళ్ళాడు. జనంలో నలిగి, ఒక అరుగు ఎక్కి నిలబడ్డాం. స్వామి వచ్చాడు. అంత పెద్ద వాహనం, అంతమంది ఒక్క అడుగు. పై బట్ట లేని వాళ్ళ భుజాలు మా కళ్ళ కిందుగా కదిలిపోయాయి. ప్రతి భుజం మీదా, మెడ పక్కన, నిమ్మకాయంత గట్టి బుడిపె. కర్ర అక్కడే కూర్చుంటుంది. మోసి మోసి కాసిన కాయ.

బావకూ అలాంటిదే ఉంది, చిన్నప్పట్నుంచి చూస్తున్నాను. మా నాన్నకుండేది. చిన్నప్పుడు ఆయన భుజమెక్కితే నా తొడకు గుచ్చుకునేది.

చెయ్యి చొక్కాలోకి పోనిచ్చి నా భుజం తడిమాను. పక్కన బావ నా చెయ్యి చూశాడు. వెంటనే ముఖం తిప్పి, "సుండల్ తిందామా?" అన్నాడు. తిండి మాట బావ ఎత్తడం వింత కాదు. ఆ కంగారు వింత.

మర్నాడు స్నానం చేస్తూ అద్దంలో చూసుకున్నాను. ఎడమభుజం ఎలా ఉందో కుడిదీ అలాగే ఉంది. పసిబిడ్డ బుగ్గలా నున్నగా. శరీరశాస్త్రం పుస్తకంలో చర్మం గురించిన అధ్యాయం మళ్ళీ తీశాను. ఒత్తిడి పడినచోట చర్మం గట్టిపడుతుంది. ఒత్తిడి లేకపోతే కొన్నాళ్ళకు మెత్తబడిపోతుంది. ఆ వాక్యం నేను అంతకుముందు చదివిందే. నా గురించి అనుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది తుండు. పల్లకి ఎత్తే ముందు బావ ప్రతిసారీ ఒక తుండుగుడ్డ మడిచి నా భుజం మీద వేసేవాడు. "మీ నాయన చోటు, మర్యాద ఉండాల" అనేవాడు. ఇంకెవరికీ వేసేవాడు కాదు. మొదట్లో ఒక మడత. తర్వాత రెండు. ఈమధ్య దిండంత. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

మందిరం వెనక బావ మోతకర్రలకు ఆముదం పూస్తున్నాడు. నవమికి ముందు అది అతని పని.

"బావా, చొక్కా ఇప్పు" అన్నాను.

"ఏందిరా, ఈ వయసులో నాకు సంబంధం చూస్తాండావా?"

"ఇప్పు."

ఇప్పలేదు. నేనే నా చొక్కా గుండీ తీసి భుజం చూపించాను. "ముట్టుకో."

"చేతికి ఆముదం ఉండాది."

"ఎప్పట్నుంచి?"

"ఏది ఎప్పట్నుంచి?"

"తుండు."

బావ గుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"మీ నాయన పోయినాక కొన్నాళ్ళు బానే మోసినావు. అబద్ధం ఎందుకు చెప్పాల. ఆ తర్వాత వొంగిపోతా వచ్చినావు. కొట్లో వొంగి కట్టలు, ఇంట్లో వొంగి పుస్తకాలు. కర్ర పైనుండాది, నీ భుజం కిందుండాది. నడుమ ఆకాశం కనపడతాండె. జనం చూస్తే బాగుండదని తుండు పెట్టినా."

"ఏటేటా మందం ఎందుకు పెరిగింది?"

"ఆకాశం పెరిగింది గాబట్టి."

ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, నవ్వలేదు.

"అందరికీ తెలుసా?"

"సామికి కూడా తెలుసు. ఆయన పైనుంచే గదా చూస్తాండేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు యాడికి పోతావు? ఎనక్కి. నువ్వు ఎనకుంటే గుంత యాడుందో ఎవురు అరస్తారు? నీ గొంతు కోసరం నీ బరువు మేం మోసినాం. దాంట్లో ఏం తప్పుండాది?"

అల్లుడి సంగతి కూడా చెప్పాడు. టేపు పెట్టిన రోజే కనిపెట్టేశాడట. ఆ మామ భుజానికి కర్ర తగలడం లేదు, ఒక కర్రకు ముందంతా నువ్వొక్కడివే మోస్తున్నావు, నీ నడుం పోతుంది అన్నాడట. నోరు మూసుకోమన్నాడు బావ. వాడు ఊరుకోలేదు. ఆ మామ వీపు నిలబడితే భుజం కొంతైనా అందుతుంది, ఒక్కర్నే పిలిస్తే రారు, ఎలాగూ అందరికీ అని చెప్పాం కదా, అందులోనే సరిచేద్దాం అన్నాడట. వీడియో నా వీపుదే. వారం వారం ఎంత నిటారయిందో చూసుకునేవాళ్ళట ఇద్దరూ.

అంటే నా అనుమానం తప్పు కాదు. కుట్ర ఉంది. నా వెనక మాటలున్నాయి. కట్టలో సొట్టగిన్నె కూడా ఉంది. అది నేనని మాత్రం అనుకోలేదు.

తర్వాత కొన్ని రోజులు మిద్దె ఎక్కలేదు. వాళ్ళ దయ మీద నాకు కోపం. కానీ ఒళ్ళు ఊరుకోలేదు. తెల్లవారుతుండగానే కాళ్ళు తమంతట తామే మేలుకునేవి. వంటింట్లో కాఫీ కోసం నిలబడి, గట్టు పట్టుకుని బస్కీలు తీస్తున్నానని మా ఆవిడ చెబితే తెలిసింది.

"కోపం ఎవురి మీద? నీ కాళ్ళ మీదా?" అంది. "పో మిద్దెమీదికి. పోకుంటే ఆ గ్రైండరన్నా ఎత్తి ఆ మూలన పెట్టు, ఒక పనన్నా అయితాది."

గ్రైండరు ఎత్తి మూలన పెట్టాను. బరువు చేతుల్లోంచి నడుముకు, నడుము నుంచి కాళ్ళకు దిగింది. దించాక మళ్ళీ ఎత్తాలనిపించింది. వంతెన మీద వచ్చిన ఆ గాలి మళ్ళీ తగిలినట్టయింది, గాలే లేని వంటింట్లో. అప్పుడు ఒప్పుకున్నాను. అంబలిలో ఏమీ కలపలేదు. ఇది నా ఒంట్లోదే. ఇన్నేళ్ళూ ఉన్నట్టుంది, నేనే దాన్ని విప్పి చూడలేదు.

మిద్దెకు వెళ్ళి అల్లుణ్ణి టేపు తీయమన్నాను. గోడకు ఆని నిలబడ్డాను. తల ఇంచుమించు గోడకు తగిలింది. కొలిచాడు.

"బాగా వచ్చింది మామా. అయినా ఇంకా గ్యాప్ ఉండాది. పలచగా ఒక్క మడత తుండు పెడితే..."

"తుండు వద్దు. నేను వెనకవరసకు పోతా. వాళ్ళ ఎత్తు నా ఎత్తూ సరిపోతాది. ముందుకు నువ్వు రా."

బావ నా వైపు చూసి, "మీ నాయన చోటురా అది" అన్నాడు.

"మా నాన్న మోసినాడు. ఊరికే నిలబడలా" అన్నాను. అని, కాసేపు నీళ్ళ ట్యాంకు వైపు తిరిగి నిలబడాల్సి వచ్చింది.

స్వామికి బదులు బియ్యం మూటలు పెట్టి ఎత్తి చూశాం. వెనకవరస నలుగురూ ఎప్పుడూ నాకు వీధిలో వీపు వెనక వినపడే ఊపిర్లే. వాళ్ళలో మోకాలి నొప్పి ఉన్న ఒకతను దివిటీ పట్టడానికి జరిగాడు, మిగతా ముగ్గురి పక్కన ఇప్పుడు నేను. కర్ర వచ్చి భుజం మీద కూర్చుంది. నొప్పి. తర్వాత నొప్పి కింద ఇంకొకటి. మెడ నుంచి మడమ దాకా ఎముకలన్నీ ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాయి, బాగా కట్టిన కట్టలో గిన్నెల్లా. ఎక్కడా గలగల లేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఏందిన్నా, చక్కిలిగిలా?" అన్నాడు పక్కనున్నాయన.

"బరువు" అన్నాను.

"మాకు రోజూ ఉండేదే" అన్నాడు.

నవమి ముందు వారమంతా అల్లుడికి దారి చెప్పడం నేర్పాను. ఎత్తేముందు కర్రను ముట్టి కళ్ళకద్దుకోవడం, ఎడమ అంటే స్వామి ఎడమే గాని ఎదురుగా నిలబడ్డ జనం ఎడమ కాదనడం, చూసింది చూసినట్టు అరవకుండా రెండడుగులు ఉందనగా అరవడం. వాడు నాకు వీపు నేర్పాడు, నేను వాడికి గొంతు నేర్పాను. ఎవరికి ఎక్కువ కష్టమైందో చెప్పలేను.

నవమి రోజు సాయంత్రం పల్లకి కదిలింది. వెనకవరస నుంచి ఏమీ కనిపించదు. ముందువాడి మెడ, పల్లకి పీట, తెరల అంచు. అంతే. జీవితమంతా దారి చూసి నడిచినవాణ్ణి, ఎక్కడ అడుగు వేస్తున్నానో తెలియదు. మొదట్లో వాడు "స్లో, స్లో" అని అరిచాడు. ఆటోను ఆపుతున్నట్టుంది. తర్వాత గొంతు సర్దుకుంది.

"గుంత! ఎడమ గుంత!"

నమ్మాలా అని ఒక్క క్షణం ఆగింది మనసు. వీధిలో ఆ చోట గుంత నాకు గుర్తు లేదు. కాళ్ళు ఆగలేదు. వాడి మాట విని కుడికి జరిగాయి. నా ఎడమకాలి పక్కనుంచి గుంత వెళ్ళిపోయింది, కొత్తగా తవ్వింది, నీళ్ళతో.

కిరాణా కొట్టు దగ్గర మాత్రం వాడు కేబుల్ వైరు చూడలేదు. పల్లకి పైన గొడుగు దానికి తగలబోతుంటే వెనకనుంచే అరిచాను. వీధి చివరిదాకా వినపడిందట. పల్లకి వంగింది, గొడుగు దాటింది. "ఎనకుంటే మాత్రం ఊరుకుంటాడా!" అని బావ నవ్వడం వినిపించింది.

మా ఇంటి ముందు పల్లకి ఆగింది. మా ఆవిడ హారతి పళ్ళెంతో గడప దిగింది. అలవాటుగా ముందువరస కుడివైపు చూసింది. అక్కడ అల్లుడు. చూపు వెనక్కి, ఇంకా వెనక్కి వచ్చి, మోతకర్ర కింద నన్ను పట్టుకుంది. నా భుజం చూసింది. తుండు లేదు. హారతి స్వామికి చూపించి, పళ్ళెం కొంచెం వెనక్కి, మా నలుగురి వైపు కూడా తిప్పింది. అలా ఎవరూ తిప్పరు.

ఆ చోటు ఎవరూ లాక్కోలేదు. నేనే ఇచ్చాను. ఇప్పుడు నా కుడిభుజం మీద ఎర్రగా ఒక మచ్చ ఉంది. రోజూ తడిమి చూసుకుంటున్నాను, గట్టిపడుతోంది.

సాయం చేసినవాళ్ళందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాలని ఉంది. పేర్లు రాయకూడదని బావ షరతు పెట్టాడు. రాస్తే అతని భుజం చూడటానికి జనం వస్తారట. అందుకని నేను పిలిచే పిలుపులతోనే చెబుతున్నాను. ఆకాశాన్ని తుండుతో కప్పిన బావకు. పళ్ళెం తిప్పిన మా ఆవిడకు. కింది అర సంగతి గమనించిన గ్రంథాలయం అమ్మగారికి. వెనకవరసలో చోటిచ్చి, ఏ ప్రశ్నా అడగని నలుగురు తమ్ముళ్ళకు. బండి మాట ఇప్పటికీ ఎత్తని మందిరం పెద్దాయనకు. ఎందుకు ఎత్తడం లేదో ఇంకా తెలుసుకోవాలి. మా నాన్నకు.

కొత్తల్లుడికి కూడా. మా వీడియో తన జిమ్ము పేజీలో పెట్టుకున్నాడని, అది చూసి కొత్తవాళ్ళు చేరుతున్నారని ఈమధ్యే తెలిసింది, అంటే అందులో నా అనుమానం అక్షరాలా నిజం. అయినా ధన్యవాదాలు. ఇప్పుడు వీధిలో ఆడవాళ్ళకు కూడా మిద్దెమీద ట్రైనింగు, ఫ్రీ అంటున్నాడు. ఎందుకని అడిగాను. సుమ్మా అన్నాడు. నేను నమ్మలేదు. మా ఆవిడ మాత్రం పేరు ఇచ్చేసింది.